ఆకుపచ్చ తెర వెనక బొమ్మ

కాళ్ళ కుంపటిని అటక ఎక్కించి నిచ్చెన దిగాక దీవెర్ గుమ్మంలో నిలబడి గదిని ఇంకోసారి చూసింది, లోపలికి వచ్చేవాళ్ళు ఎలా చూస్తారో అలా. పురభవనం గంట పది కొట్టాక వస్తామని కబురు పంపారు. ఇద్దరు వస్తున్నారు. అనాథ పిల్లల వ్యవహారాలు చూసే కచేరీ నుంచి వోల్ఫర్ట్ గారు, ఆయనతో పాటు పాంక్రాస్ బావగారు. వాళ్ళు ఈ గదిలో కూర్చుని, చూడాల్సింది చూసి, అడగాల్సింది అడిగి, అన్నెకె ఇక్కడే ఉంటుందా, రాపెన్‌బుర్గ్ కాలువ గట్టున ఉన్న పాంక్రాస్ ఇంటికి వెళ్తుందా తేలుస్తారు. అన్నెకె ఆమె అక్క కూతురు. అక్క ఈ వేసవిలో జ్వరంతో పోయింది. అక్క భర్త అంతకు ముందే తూర్పు దీవుల ఓడ ఎక్కాడు, ఓడ తిరిగొచ్చింది గానీ అతను రాలేదు. అతని వైపు మిగిలింది అన్న పాంక్రాస్, ఇటువైపు మిగిలింది దీవెర్. పిల్లకు ఐదేళ్ళు. వేసవి నుంచి దీవెర్ పక్కనే, గోడలో అల్మరాలా అమర్చిన మంచంలో పడుకుంటోంది, నిద్రలో పాదాలు తెచ్చి ఆమె పొట్టకు ఆనిస్తుంది. మొదట్లో ఆ పాదాల చల్లదనానికి ఆమెకు మెలకువ వచ్చేది. ఇప్పుడు అవి ఆనకపోతే వస్తోంది.

గదిలో ఏముంది? బల్ల, కుర్చీలు, గోడకు అద్దం, కిటికీలో పంజరం, తలుపు పక్కన చీపురు. ఇంకొకరి ఇంట్లో అయితే ఇవి సామాన్లు. ఈ ఇంట్లో ఆమె భర్త, చిత్రకారుడు వౌటర్ బతికున్నన్నాళ్ళూ వీటినే బొమ్మల్లో వేశాడు, బొమ్మలోకి ఎక్కిన వస్తువు ఇక ఊరికే ఉండదు. చీపురు గోడకు నిలబెట్టి ఉంటే ఇల్లాలు శుభ్రత తెలిసిన మనిషి. అదే చీపురు గుమ్మానికి అడ్డం పడి, పక్కన చెప్పులు విడిచి ఉంటే ఇల్లాలు పని వదిలేసి ఎటో వెళ్ళింది, ఎటు వెళ్ళిందో చూసేవాళ్ళకు తెలుసు. అద్దం ముందు దువ్వెన ఉంటే మిడిసిపాటు, బైబిలు ఉంటే తనను తాను తెలుసుకోవడం. ఏ వస్తువూ తనంతట తాను మాట్లాడదు, పక్కన ఏముందో చూసి మాట్లాడుతుంది. దీవెర్ దువ్వెన తీసి జేబులో వేసుకుంది. పంజరం తలుపు తెరిచి ఉంటే పిట్ట ఎగిరిపోయింది, అంటే పిల్ల చేజారింది, దానికి ఇంకో అర్థం లేదు. వెళ్ళి చూసింది. తలుపు వేసే ఉంది. లోపల పిట్ట లేదు, పోయిన నెల చచ్చిపోయింది. పిట్ట లేని పంజరానికి తలుపు వేసి ఉంటే ఏమిటి అర్థం? అలాంటిది ఎవరూ వేసినట్టు ఆమెకు గుర్తు లేదు. కాసేపు ఆలోచించి పంజరాన్ని కొక్కెం నుంచి తీసి మళ్ళీ నిచ్చెన ఎక్కింది.

అటక మీద ముందే చేరినవి ఉన్నాయి. వౌటర్ టోపీ, సీసపు మూత ఉన్న కూజా, కాళ్ళ కుంపటి. నవంబరులో లైడెన్ ఊళ్ళో ఆ చిల్లుల పెట్టెలో నిప్పులు వేసుకుని పాదాలు పెట్టుకోని ఆడది లేదు, ప్రార్థనకు వెళ్తూ కూడా చంకన పెట్టుకుని వెళ్తారు. దాని మూల ఒకటి విరిగి ఉంది. ఆ విరిగిన మూలతో సహా అది వౌటర్ వేసిన ఒక బొమ్మలో ఉంది. ఇప్పుడు కచేరీ ఆయన వచ్చి ఇది చూసి, అదిగో ఆ పెట్టె, అంటే? అనకపోవచ్చు. కానీ పాంక్రాస్ చూస్తాడు. పాంక్రాస్ ఏడాదిగా ఆ బొమ్మను ఇంట్లో పెట్టుకున్నాడు.

ఆ బొమ్మ వేసింది చాలా ఏళ్ళ కిందట. బల్ల దగ్గర ఒకామె మోచెయ్యి ఆనించి చెంప అరచేతిలో పెట్టుకుని నిద్రపోతుంటుంది. మొహం దీవెర్‌ది. బల్ల మీద గ్లాసు పక్కకు దొర్లి ఉంటుంది, పళ్ళెంలో, కోరిక రేపుతాయని పేరున్న సముద్రపు గుల్లలు తినేసి బోర్లించినవి, సగం ఒలిచిన నిమ్మకాయ. గోడ మేకుకు మగవాడి టోపీ, మగవాడు లేడు. ఆమె పాదాల కింద ఉండాల్సిన కుంపటి పక్కకు జరిగి ఉంటుంది, దాని మీద ఎర్ర మేజోడు ఒకటి. వెనకాల పిల్లి చేపను లాక్కుపోతోంది. ఒక సారాయి బట్టీ యజమాని దాన్ని కొని, తాగడానికి వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో వేలాడదీశాడు. సాయంత్రాలు వాళ్ళు ఒక్కో వస్తువునూ వేలితో చూపిస్తూ పైకి చదివేవాళ్ళు. ఎవరు ఎక్కువ చదివితే వాళ్ళకు ఒక గ్లాసు ఊరికే. దీవెర్ రొట్టె కొనడానికి వెళ్తుంటే వెనక ఎవరో గురక పెట్టినట్టు శబ్దం చేసేవాడు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. అప్పట్లో నవ్వొచ్చేది. బట్టీ ఆయన పోయాక సామాన్లు వేలం వేశారు, ఆ వేలంలో బొమ్మను పాంక్రాస్ పాడుకున్నాడని తెలిసినప్పుడు నవ్వు రాలేదు. పాంక్రాస్ బట్టల వర్తకుడు, ప్రార్థనలో ముందు వరుసలో కూర్చునే మనిషి, నల్ల కోటు తప్ప వేసుకోడు. లోపలి గదిలో వేలాడదీసి దాని ముందు ఆకుపచ్చ తెర కట్టించాడట. తెర దుమ్ము పడకుండానూ కడతారు, నలుగురూ చూడకూడనిదైతేనూ కడతారు.

పక్కింటి బేలి వచ్చి పై సగం తెరిచి ఉన్న తలుపు కింది సగం మీద మోచేతులు ఆనించి లోపలికి తల పెట్టింది. ఆమె మొగుడు మలుగు చేపలు పొగపెట్టి అమ్ముతాడు, ఆమె కంటే ముందు ఆమె వాసన వస్తుంది.

"ఏమే, అద్దె ఎగ్గొట్టి పారిపోతున్నావా? ఇంట్లో ఒక్క సామానూ కనిపించదేం?"

"సర్దుతున్నానక్కా."

"సర్దడం అంటే ఇదా. దొంగలు పడ్డారనుకుంటారు వచ్చినవాళ్ళు." బేలి గొంతు తగ్గించింది. "పిల్ల మా పొయ్యి దగ్గర కూర్చుని చేప తింటోంది. ఏమడిగిందో తెలుసా నన్ను? పిన్ని అన్నీ అటక మీద దాచేస్తోంది, నన్నెప్పుడు దాస్తుంది, అని."

బేలి ఇంకా లోపలికి వంగి, పాంక్రాస్ ఆ బొమ్మ కొన్నది ఎందుకో ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసంది. పిల్లలు లేని ఇల్లు, తమ్ముడి కూతురి మీద కన్ను, రేపు కచేరీలో తెర పక్కకు లాగి ఇదిగో మీరు పిల్లనిచ్చే ఆడది అంటే చాలు. ఏడ్చి కాళ్ళ మీద పడమని సలహా ఇచ్చింది. పడ్డా చూడడని తనే అనుకుని, చేపలు మాడుతున్నాయని వెళ్ళిపోయింది.

ఆ గ్లాసు పెట్టింది నేను, అనుకుంది దీవెర్. గుల్లలూ నేనే, టోపీ మేకుకు తగిలించిందీ నేనే. ఈ మాట ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, దాచాలని కాదు, అడిగినవాళ్ళు లేరు. ఆమె తండ్రి పుస్తకాలు కుట్టేవాడు. చిన్న పుస్తకాలు, పేజీకి ఒక బొమ్మ, కింద రెండు పాదాల పద్యం. కొవ్వొత్తి, తేనెటీగ, విరిగిన చక్రం, వలలో పిట్ట. అక్క పద్యాలు చదివేది, దీవెర్ పద్యం మీద చెయ్యి అడ్డం పెట్టి బొమ్మను చూసి కింద ఏముందో చెప్పేది. ఎక్కువసార్లు సరిపోయేది. సరిపోనప్పుడు, పద్యమే తప్పు రాశారని తండ్రితో వాదించేది. పెళ్ళయ్యాక వౌటర్ బొమ్మలు చూసింది. చెయ్యి గొప్ప చెయ్యి. సీసం కూజా వేస్తే దాని మీద కిటికీ, కిటికీలో ఎదురింటి పొగగొట్టం కనిపించేది. కానీ కూజా పక్కన ఏముండాలో అతనికి తెలియదు, తట్టదు. బల్ల మీద ఏదుంటే అది వేసేవాడు. ఒకసారి ఆమె పసుపు గుడ్డ తీసి ఆరిన కొవ్వొత్తి పెట్టింది. అతను కొవ్వొత్తి వేశాడు. కొన్నాయన గంటసేపు దాని ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత అది పద్ధతైపోయింది. పొద్దున అతను రంగులు నూరుకునేలోపు ఆమె బల్ల సర్దేది, అతను వచ్చి ఎందుకు అని అడక్కుండా కూర్చుని వేసేవాడు, మధ్యలో ఈల వేసేవాడు. కొనేవాళ్ళు, అయ్యా దీని అంతరార్థం, అని అడిగితే వౌటర్ నవ్వి మీరే చూడండి అనేవాడు. చూసేవాళ్ళు. లోతైన మనిషి అని పేరొచ్చింది. నిజానికి చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇది తలుచుకుంటే ఆమెకు అతని మీద కోపం రాదు, కుండలో నీళ్ళు లేవంటే కుండ మీద కోపం వస్తుందా. పోయి రెండు చలికాలాలైంది. ఇప్పుడు ఆమె పుస్తకాల షాపుల కోసం పటాలకు రంగులు వేస్తోంది. సముద్రానికి నీలం, సరిహద్దుకు ఎరుపు. పటంలో నీలం అంటే నీళ్ళే. అందులో ఒక సుఖం ఉంది.

ఆ నిద్రపోయే బొమ్మ మాత్రం బల్లతో మొదలు కాలేదు, నిద్రతో మొదలైంది. ఆ చలికాలం పొడుగునా ఆమె నిద్రపోయింది. కూర్చుంటే నిద్ర, పిండి కలుపుతుంటే నిద్ర. వౌటర్ ఎదురుగా కూర్చుని నీలం కాగితం మీద గీసుకున్నాడు, ఇలాగే ఉండు కదలకు అన్నాడు, కదలమన్నా ఆమెకు ఓపిక లేదు. గీశాక, బాగుంది, నిద్రపోతున్న ఆడదాన్ని ఎవరూ వేయలేదు ఈ వీధిలో, ఇంకేం పెడదాం అన్నాడు. బొమ్మలో కారణం లేకుండా ఎవరూ నిద్రపోరు. పగలు నిద్రపోతోందంటే ఇల్లాలికి ఏదో ఒకటి ఉండాలి. సోమరితనం అన్నా ఉండాలి, తాగుడన్నా ఉండాలి, వచ్చి వెళ్ళిన మనిషన్నా ఉండాలి. ఆమె లేచి గ్లాసు తెచ్చి దొర్లించింది. గుల్లలు ఎదురింటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చింది. ఒకటి పెట్టాక ఇంకొకటి దానంతటదే వచ్చింది, మేజోడు పెడుతుంటే ఆ రోజుల్లో మొదటిసారి నవ్వింది కూడా. నవ్వినట్టు గుర్తు. తనకు అసలైన కారణం ఒకటి ఉండగా ఊళ్ళోవాళ్ళకు తెలిసిన కారణాలు ఇన్ని పేర్చి పెట్టడంలో ఒక హాయి ఉంది, వరుసగా తలుపులు వేసుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళినట్టు. ఆ లోపలి గది గురించి ఇప్పుడెందుకు.

గంట కొట్టడం మొదలైంది. ఆమె గదిని చూసింది. బేలి అన్నది నిజమే, ఇది మనుషులున్న ఇల్లులా లేదు. పిల్ల చెక్క చెప్పులు తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది, ఒకటి వంకరగా పడింది, సరిచేసింది, సరిచేశాక మరీ సరిగ్గా ఉన్నాయనిపించి ఒకదాన్ని కాలితో కొద్దిగా జరిపింది. బైబిలు తెరిచి పెట్టింది. తెరిచి పెడితే పెట్టినట్టు తెలుస్తోంది. మూసింది. గంట ఆగింది. తనే ఈ గదిలో ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలియలేదు. కిటికీ పక్కన నిలబడితే ఎదురుచూస్తున్న ఆడది, బల్ల దగ్గర కూర్చుంటే ఆ బొమ్మే. తలుపు తట్టేసరికి గది మధ్యలో చేతులు వేలాడదీసుకుని ఉంది.

వోల్ఫర్ట్ గారికి జలుబు చేసింది. లోపలికి వస్తూనే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడి, ఈ కాలువల పక్కన బతకమని తాతలకు ఎవరు చెప్పారో గానీ అన్నాడు. పాంక్రాస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గోడలు చూశాడు. పంజరం కొక్కెం చూశాడు, పంజరం లేదు. వోల్ఫర్ట్ కుర్చీ కింద పాదాలతో వెతికాడు, ఏమీ తగల్లేదు.

"అమ్మా, కాళ్ళ కుంపటి ఇటు జరుపుతారా. మేజోళ్ళు తడిసిపోయాయి."

"ఇక్కడ లేదండీ. అటక మీద ఉంది."

"నవంబరులో అటక మీదా?" ఆయన రుమాలు దించాడు. "పిల్ల ఉన్న ఇల్లు కదమ్మా. పిల్ల కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటుంది?"

నా పొట్ట మీద, అనుకుంది దీవెర్. "పొగ పెడుతోందండీ," అంది. నిచ్చెన ఎక్కింది. అటక మీద వంగి, టోపీకీ కూజాకీ మధ్య నుంచి పెట్టెను లాగుతుంటే తెలిసింది, చేసిన పొరపాటు ఏమిటో. ఆ పెట్టె గదిలో ఉంటే పెట్టె. దాచింది కాబట్టి, దానికి ఇంకో అర్థం ఉందని తెలిసిన మనిషి దాచింది. ఏమీ తెలియని ఆడది నవంబరులో కుంపటి దాచదు. ఒక్క వస్తువు తీసేసి ఆమె ఇంత మాట చెప్పేసింది. బొమ్మలో అయితే దీనికి మెచ్చుకునేది. దిగి, పొయ్యిలోంచి నిప్పులు పటకారుతో తీసి పెట్టె లోపలి గిన్నెలో వేసి, వోల్ఫర్ట్ పాదాల కింద పెట్టింది. ఆయన బూట్లు విడిచి, నిట్టూర్చి కళ్ళు మూసుకున్నాడు. పాంక్రాస్ పెట్టె విరిగిన మూల చూశాడు, చాలాసేపు చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"పొగ రావడం లేదే," అన్నాడు.

"ఇవాళ రావడం లేదు బావగారూ."

వోల్ఫర్ట్ కాళ్ళు వెచ్చబడ్డాక అడగడం మొదలుపెట్టాడు. పిల్ల ఏం తింటుంది, ప్రార్థన వచ్చా, ఎక్కడ పడుకుంటుంది, అల్లిక బడికి పంపుతున్నారా. ఆమె చెప్పింది. పటాల పని గురించి అడిగాడు, చూపించింది. ఆయన తమ ఊరిని పటంలో వెతుక్కుని, ఇంతేనా అన్నాడు. అప్పుడు రుమాలు మడిచి, ఊళ్ళో మాట ఉంది కాబట్టి అడగక తప్పదమ్మా, ఆ బొమ్మలో మొహం మీదే కదా అన్నాడు. నాదేనండీ, అంది. మొహానిది తప్పు కాదన్నాడు, చిత్రకారుడు పెళ్ళాం మొహం వేయక పక్కింటావిడ మొహం వేస్తే అది ఇంకా గొడవ. పక్కింటావిడ అనగానే దీవెర్‌కు బేలి ఆ భంగిమలో కనిపించింది, పెదవి బిగించుకుంది.

"నేనడిగేది ఒకటే. ఆ గుల్లలూ, గ్లాసూ, మేజోడూ, ఆ కథంతా కట్టింది ఎవరు? ఆయనైతే ఆయన లెక్క దేవుడు చూసుకుంటాడు, నాకు పని లేదు. మీరైతే, అలాంటి తలకాయ ఉన్న మనిషి దగ్గర ఆడపిల్లను ఎలా ఉంచావని మావాళ్ళు నన్నడుగుతారు. నేను చెప్పలేను. పిల్లను తీసుకెళ్ళాల్సి వస్తుంది."

"నేను కూర్చోమన్న చోట కూర్చున్నానండీ," అంది దీవెర్. "కళ్ళు మూసుకోమంటే మూసుకున్నాను. మిగతాదంతా ఆయన పనే."

అంతసేపూ భయపడింది ఈ మాటకు. తీరా అంటే అప్పగించేసిన సామానులా తేలిగ్గా పోయింది. ఏళ్ళ తరబడి పొద్దున్నే సర్దిన బల్లలు, ఆరిన కొవ్వొత్తి, తీగ తెగిన సంగీత వాద్యం, ఆ తీగను తెంపడానికి పడ్డ పాట్లు, అన్నీ వౌటర్‌వి అయ్యాయి. వౌటర్‌కు ఇచ్చినా ఏం చేసుకుంటాడు. పొయ్యిలో మండుతున్న పీటు మట్టిగడ్డ ఒకటి విరిగి కూలింది. వోల్ఫర్ట్ తల ఊపాడు, నేనూ అలాగే అనుకున్నానమ్మా అన్నాడు. అసలు ఆ వస్తువులకు అంత అర్థం ఎక్కడుందో తనకు తెలియదని, తన ఇంట్లోనూ గుల్లలు తింటారని చెప్పాడు.

పాంక్రాస్ ఆయనకు చెప్పాడు. నిలబడే, టోపీ చేతిలోనే పట్టుకుని, ఒక్కో వస్తువునూ గాలిలో చూపిస్తూ. గ్లాసు ఎందుకో, టోపీ ఎందుకో. నిమ్మకాయ దగ్గరికొచ్చి, పైకి బంగారంలా ఉండి లోపల పుల్లగా ఉండే లోక సుఖమని అన్నాడు. గుల్లల మీద పిండుకుంటారు కాబట్టి ఆమె నిమ్మకాయ పెట్టింది. పిల్లి, గృహిణి ఏమరుపాటును కాచుకున్న సైతాను అన్నాడు. పిల్లిని ఎవరూ పెట్టలేదు, చేప కోసం వచ్చింది, వౌటర్ ఉన్నది వేశాడు. ఆమె మొదటిసారి వింటున్నట్టు విన్నది. రెండుచోట్ల అలాగా అని కూడా అంది. వోల్ఫర్ట్ ఆశ్చర్యపోతూ, ఇదంతా మీకు ఎలా పట్టుబడింది అన్నాడు.

"ఇది ఎవరైనా చెప్తారు," అన్నాడు పాంక్రాస్. "సారాయి బట్టీలో అందరూ చెప్పినదే. నేను దాన్ని కొన్నది తమ్ముడి భార్య చెల్లెలి మొహం అలాంటి చోట ఉండకూడదని. తెచ్చాక రొట్టె ముక్కతో పొగ మసి తుడిపించాను. వెనక మూల బయటపడింది. అక్కడ బాలింత బుట్ట ఒకటుంది."

"ఏ బుట్ట?"

"పేముది. పొయ్యి దగ్గర పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది."

"అది నాకు తెలీకపోవడమేమిటి, మా ఇంట్లో దానికి ఏడాది కూడా తెరిపి లేదు."

"ఇది ఖాళీది," అన్నాడు పాంక్రాస్. "అది చూశాక మిగతావి మారిపోయాయండీ. గ్లాసు ఉంది, గుల్లలున్నాయి, అన్నీ ఉన్నాయి. కానీ ఆమె నిద్ర తాగిన నిద్ర కాదు. అందుకే తెర కట్టించాను. వచ్చినవాళ్ళు మేజోడు చూసి నవ్వి వెళ్ళిపోతారు, నాకది ఇష్టం లేదు." ఆయన టోపీని చేతిలో ఒకసారి తిప్పాడు. "మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంది. కొన్నాం గానీ వాడలేదు. మా ఆవిడ ఆ గదిలోకి రాదు."

దీవెర్ తన చేతులను చూసుకుంది, వేళ్ళ సందుల్లో సరిహద్దుల ఎరుపు. పిల్లవాడు పుట్టాడు, ఏడ్చాడు, తెల్లారేసరికి ఏడుపు ఆపాడు. పేరు పెట్టలేదు. బుట్ట అప్పటికే కొని పొయ్యి పక్కన పెట్టారు, కొత్త పేము వాసన గదిలో ఉండిపోయింది. బల్ల మీద అన్నీ పేర్చాక వౌటర్ వెనక్కి జరిగి కన్ను చికిలించి, ఆ మూల ఖాళీగా ఉంది ఏదో ఒకటి పెట్టు అన్నాడు. ఆమె వెళ్ళి బుట్టను ఈడ్చుకొచ్చి మూల పెట్టింది. అది నేల మీద రాసుకున్న శబ్దం. వచ్చి తన చోట కూర్చుని మోచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది, బుట్ట వీపు వెనక. ఇప్పుడు అడుగుతాడు అనుకుంది. ఇది ఎందుకు తెచ్చావని గానీ, వద్దు తీసెయ్యమని గానీ, ఏదో ఒకటి. అతను ఈల వేశాడు. పేము అల్లిక కష్టం, ఒక్కో పుల్లా వేయాలి, ఇష్టంగా వేశాడు, ఈల ఆపలేదు, మధ్యలో హెరింగు చేప ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది అంది, కళ్ళు తెరవకుండానే. మొత్తం అయ్యాక మూల కంటికి మరీ ఆనుతోందని దాని మీద గోధుమరంగు పూత వేశాడు. పోనీలే అనుకుంది. అప్పటి నుంచి బొమ్మ ముందు నిలబడ్డ ప్రతి మనిషినీ వెనక నుంచి చూసింది, ఎవరి తలైనా ఆ మూలకు తిరుగుతుందా అని. బట్టీకి పోయాక చూడటం మానేసింది.

"మీ ఆయన సంగతి మీకు తెలియాలి," అన్నాడు పాంక్రాస్. ఆయన ఈసారి ఆమె వైపు నేరుగా చూడలేదు, కుంపటి వైపు చూస్తూ మాట్లాడాడు. "వోల్ఫర్ట్ గారికి రావాల్సిన జవాబు వచ్చింది. నాకు రాలేదు. ఆ బుట్టను ఆయన తెలిసి పెట్టాడా, మూల నింపడానికి పెట్టాడా? తెలిసి పెట్టిన ఇల్లయితే పిల్ల ఇక్కడే పెరగనీ, నేను అడ్డం రాను. ఊరికే పెట్టిందైతే నేనిన్నాళ్ళూ చూసింది గుల్లలే అనుకుంటాను. పిల్లను తీసుకెళ్తాను, మా ఆవిడ మంచం కూడా సిద్ధం చేసింది."

నేను, అనే మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. ఒక్క మాట. ఈ ఊళ్ళో ఒక్క మనిషి ఆ మూల చూశాడు, చూసినవాడు ఎదురుగా నిలబడి అడుగుతున్నాడు. వోల్ఫర్ట్ రెండు పాదాలూ కుంపటి మీద పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ ఆమె వైపు చూస్తున్నాడు. బుట్ట నాదంటే గుల్లలూ నావే. పక్కింటి గోడ అవతల బేలి ఏదో అంటోంది, పిల్ల నవ్వు వినిపించింది, దాని వెనక మూకుడు పడ్డ చప్పుడు.

"తెలిసే పెట్టాడు బావగారూ," అంది దీవెర్. "ఆ మూల వేసినన్నాళ్ళూ ఎవరితోనూ మాట్లాడలేదు. తిండి కూడా ముట్టలేదు."

పాంక్రాస్ తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు కాసేపు. మగవాడు నోటితో చెప్పుకోలేనిది ఎక్కడో ఒకచోట పెట్టుకుంటాడని వోల్ఫర్ట్‌తో అన్నాడు. వోల్ఫర్ట్ అవునవునని, పిల్ల పిన్ని దగ్గరే ఉంటుందని కచేరీలో చెప్తానని, ఆదివారాలు ప్రార్థన అయ్యాక పెదనాన్న ఇంటికి పంపితే బాగుంటుందని అన్నాడు. ఆమె అలాగేనంది. ఆయన అయిష్టంగా కుంపటి మీద నుంచి పాదాలు తీసి బూట్లు తొడుక్కున్నాడు. పిల్లను ఒకసారి చూసి వెళ్తానని పక్కింటివైపు నడిచాడు.

పాంక్రాస్ గుమ్మంలో ఆగాడు. టోపీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"మీరు దాన్ని సరిగ్గా చూసి ఉండరు," అన్నాడు. "కళ్ళు మూసుకుని కూర్చున్నారు కదా, మీ వెనక ఏముందో మీకెలా తెలుస్తుంది. ఆదివారం పిల్లతో పాటు మీరూ రండి. తెర తీసి, మీ ఆయన అక్కడ ఏం పెట్టాడో నేను చూపిస్తాను."

"వస్తాను బావగారూ," అంది దీవెర్. "చూపించండి."